జనార్ధనరావు గారి పొడుగు పేర్లు

కంప్యూటర్‌కి ఓపిక ఎక్కువని అనుకునేవాళ్ళు దానితో ఎప్పుడూ పనిచెయ్యని వాళ్ళు. ఒక ఫైలు ఎక్కడుందో చెప్పాలంటే ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో, ఆ ఫోల్డర్ లోపల ఇంకే ఫోల్డర్‌లో అని వరసగా చెప్పుకుంటూ పోవాలి కదా, దాన్ని పాత్ అంటారు. ఆ పాత్ రెండువందల అరవై అక్షరాలు దాటిందంటే చాలా ప్రోగ్రాములు ఇక వినవు. ఫైలు అక్కడే ఉంటుంది, కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది, తెరవమంటే తెరుచుకోదు, కాపీ చెయ్యమంటే కదలదు. హామిల్టన్‌లో చదువుకోడానికి వచ్చిన ధాత్రి, చదువులో భాగంగా కొన్ని నెలలు ఉద్యోగం చేయించే కో-ఆప్ కింద ఒక ఆఫీసులో చేరిన మొదటి వారంలోనే ఈ సంగతి తల ప్రాణం తోకకొచ్చేలా తెలుసుకుంది.

కో-ఆప్ దొరకడమే గగనమైన రోజులవి. కోవిడ్ వెనకబడి, కాలేజీలన్నీ మన పిల్లలతోనూ పంజాబీ పిల్లలతోనూ కిటకిటలాడుతున్న కాలం. ఒక్క పోస్టు పడితే క్లాసు క్లాసంతా అప్లై చేసేది. ధాత్రికి వచ్చిందని తెలిసి కావలిలో వాళ్ళమ్మ పద్మ వీధంతా తిరిగి చెప్పుకుంది, మా అమ్మాయి పెద్ద ఆఫీసులో చేరిందని. పెద్దదే, కాదనడానికి లేదు. వరసలు వరసలుగా కుర్చీలున్నాయి. వాటిలో మనిషి కూర్చున్న కుర్చీ ధాత్రిది ఒక్కటే.

ఉక్కు ఫ్యాక్టరీల్లో కొలుముల లోపలి ఇటుక గోడలు చూసి, ఇవి ఇంకెన్నాళ్ళు ఆగుతాయో చెప్పే చిన్న కంపెనీ అది. మనుషులంతా ఇళ్ళ నుంచే పనిచేస్తున్నారు. పాత సర్వర్‌లో ఉన్న ఫైళ్ళన్నీ కొత్తదాంట్లోకి మార్చి పాతదాన్ని తీసెయ్యాలనుకున్నారు. పాతదాని పక్కన ఒక మనిషి ఉండక తప్పదు గనక ఆ మనిషి ధాత్రి అయింది. ఆమెకి పైఅధికారైన తారక్ అనే ఆయన రిచ్‌మండ్ హిల్‌లో తన ఇంట్లో కూర్చుని, కెమెరా ఆపేసి, రోజుకోసారి వీడియో కాల్‌లో "స్టేటస్ ఏంటి?" అనేవాడు. హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్ళి, అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చిన మనిషి. చెడ్డవాడేం కాదు. మాట్లాడ్డానికి తీరికలేనివాడు, అంతే.

మధ్యాహ్నం మీటింగ్ రూములో పెద్ద బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని పప్పన్నం తినేది ధాత్రి. మైక్రోవేవ్‌లో ఇంగువ వాసన వస్తే ఎవరేమనుకుంటారోనని మొదట్లో భయపడింది. అనుకోడానికి ఎవరైనా ఉంటే కదా. రెండు రోజులకి ఆ భయమూ పోయింది, అది పోయాక ఇంకాస్త దిగులేసింది.

ఇంటికెళ్తే మాత్రం ఏముంది. బేస్‌మెంట్‌లో నలుగురు ఆడపిల్లలు ఉండేవారు, నలుగురివీ నాలుగు షిఫ్టులు. తన గదిలోనే ఉండే రాధిక ఇంట్లో ఉందో లేదో ధాత్రికి రైస్ కుక్కర్ ముట్టుకుంటే తెలిసేది. వెచ్చగా ఉంటే ఇప్పుడే వెళ్ళింది, చల్లగా ఉంటే ఇంకా రాలేదు. అమ్మకి ఫోన్ చేస్తే తిన్నావా అని అడిగేది, తిన్నానని ఈమె చెప్పేది, ఆపైన ఇద్దరికీ మాట తోచేది కాదు. నిజం చెబితే అమ్మ ఏడుస్తుంది, అబద్ధాలు ఎంతసేపని అల్లుతుంది పాపం.

పని మాత్రం మొదట బాగానే నడిచింది. కాపీ చేసే ప్రోగ్రాం తన పాటికి తాను ఫైళ్ళు మోసుకుపోయేది. కొన్నిచోట్ల ఆగి, పాత్ మరీ పొడుగు, వదిలేస్తున్నానని ఒక ఎర్ర లైను పడేసి ముందుకెళ్ళేది. ధాత్రి ఆ ఎర్ర లైన్లన్నీ ఒకచోట చేర్చి చూసింది. దాదాపు అన్నీ ఒకే మనిషివి. అతని ఫోల్డర్ల పేర్లు పేర్లలా లేవు, ఉత్తరాల్లా ఉన్నాయి. ఉత్తరం వైపు గోడలో మూడో వరస చూడ్డానికి బాగుంది గాని కొడితే బోలుగా మోగుతోంది, మళ్ళీ కొలిమి ఆపే షట్‌డౌన్‌కి తప్పక చూడాలి, ఎవరు వద్దన్నా చూడాలి. ఇంతా కలిపి ఒక ఫోల్డర్ పేరు. దాని లోపల ఇంకోటి, దాని లోపల ఇంకోటి.

అంతా ఇంగ్లీషే. చదువుకుంటూ కిందికి వస్తుంటే ఒకచోట ఇంగ్లీషు అక్షరాల్లోనే, కాని అర్థంకాని మాట. మళ్ళీ చదివితే తెలుగు. "ఈ ఇటుకని అసలు నమ్మకు" అని ఉంది.

ధాత్రి పకపకా నవ్వింది. అంత పెద్ద ఖాళీ హాల్లో తన నవ్వు తనకే కొత్తగా వినబడి, టక్కున ఆపి అటూ ఇటూ చూసుకుంది.

ఆ ఫోల్డర్ల యజమాని పేరు జనార్ధనరావు. ముప్పై ఏళ్ళ పైచిలుకు కొలుముల్లో దూరి ఇటుకలు చూసిన మనిషి. రిటైరయ్యాడు గాని, కంపెనీ అప్పుడప్పుడూ సలహాకి పిలుస్తూ ఉంటుంది. ఫోల్డర్ పేరు మార్చాలంటే యజమాని ఒప్పుకోవాలన్నది రూలు. ధాత్రి ఫోన్ చేసి, ఇంగ్లీషులో మొదలుపెట్టి, తన పేరు చెప్పగానే అవతల గొంతు తెలుగులోకి దిగిపోయింది.

"ధాత్రా? మన పిల్లవేనా? ఏ ఊరమ్మా?"

"కావలండి."

"మాది బాపట్ల. చెప్పు తల్లీ, ఏం చేశాన్నేను?"

పాత్ సంగతి చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. "నా లాప్‌టాప్‌లో శుభ్రంగా ఓపెన్ అవుతున్నాయి గదా. ఇన్నేళ్ళుగా అవుతున్నాయి."

"మీ లాప్‌టాప్‌లో మీ ఫోల్డర్‌నే ఒక డ్రైవ్‌లా తగిలించారండి. మీకు దారి అక్కణ్ణుంచే మొదలవుతుంది. సర్వర్‌కి మాత్రం మొదట్నుంచీ చెప్పాలి. మీ వీధిలో వాళ్ళకైతే మూడో ఇల్లు అంటే చాలు. ఇండియా నుంచి ఉత్తరం రాస్తే అడ్రసంతా రాయాలి కదండీ. కార్డు మీద అంత చోటు లేదు."

"అమ్మమ్మా, ఎంత బాగా చెప్పావ్," అన్నారాయన. "నా కింద పనిచేసినవాళ్ళకి నేనెన్నడూ ఇలా చెప్పలేకపోయాను."

ఇంత పొడుగు పేర్లెందుకు పెట్టారని అడిగితే అదొక కథ. కొలిమి చల్లార్చాక లోపలికి దూరితే చేతికి మందపాటి గ్లవ్స్, మొహానికి మాస్కు, ఒళ్ళంతా మసి. కాగితం, కలం కుదరవు. బయటికొచ్చి, కెమెరాలో ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, చూసినదంతా మనసులో ఆరిపోకముందే ఫోల్డర్ పేరుగా కొట్టేసేవారు. రిపోర్టు తర్వాత ఎవరో ఒకరు నున్నగా రాసుకుంటారు. తను చూసింది మాత్రం పేరులోనే ఉంటుంది. "మొదట్లో పేరంటే ఎనిమిదే అక్షరాలు ఇచ్చేవాళ్ళమ్మా. ఎనిమిది అక్షరాల్లో ఇటుక గురించి ఏం చెప్తాం? ఆ తర్వాత ఎంతైనా పెట్టుకోమన్నారు. చెప్పుకోడానికి ఇంకెవరూ లేక దానికే చెప్పుకున్నాను." గోడ పగులుతుందని పై వాళ్ళకి చెబితే విసుక్కునేవారట. ఫోల్డర్ విసుక్కోదు కదా.

సరే, ఒక ఏర్పాటు చేసుకున్నారు. ప్రతి ఫోల్డర్‌కీ పొట్టి పేరు పెట్టాలి. పాత పేరు మొత్తం ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి, ఆ ఫోల్డర్ లోపలే ఉంచాలి. ప్రతి బుధవారం మధ్యాహ్నం ధాత్రి ఫోన్ చేసేది. ఒక్కో పేరూ చదివేది. ఏం పెట్టమంటారని అడిగేది. ఆయన చెప్పడానికి ముందు ఆ ఇటుక పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు. అది ఏ దేశం నుంచి వచ్చిందో, దాన్ని పేర్చిన ఇటాలియన్ మేస్త్రి ఎంత కోపిష్టో, అతని భార్య క్రిస్మస్‌కి ఏం పంపేదో. చెప్పీ చెప్పీ చివర్న "బోలు గోడ అని పెట్టు" అనేవారు. ధాత్రి రెండు మాటలు కొట్టి ఎంటర్ నొక్కేది. ఆ రెండు మాటలకి అరగంట పట్టేది.

మెల్లిగా ఆయన సంగతులూ తెలిశాయి. భార్య సీతాదేవి గారు దేశానికి ఆ చివర సర్రీలో కూతురి దగ్గర ఉంటారు. మనవల్ని చూసుకోడానికని ఆరు నెలలకి వెళ్ళారు. ఆ ఆరు నెలలు రెండేళ్ళయ్యాయి. ఈయన వెళ్ళలేదు, అక్కడి వాన పడదని ఒక వంక, ఆఫీసు పని ఉందని ఒక వంక. ఆమెకి తీరికయ్యేసరికి ఈయనకి నిద్రవేళ, ఈయన లేచేసరికి ఆమె ఇంకా లేవదు. ఒకే దేశంలో ఉండి మొగుడూ పెళ్ళాలు గడియారాలు చూసుకుని మాట్లాడుకోవాల్సి వచ్చిందని ఆయన నవ్వేవారు. ధాత్రి ఆయన్ని సర్ అనడం మాని అంకుల్ అనసాగింది. ఒక బుధవారం జలుబుతో గొంతు బొంగురుపోతే, మిరియాల చారు ఎలా పెట్టుకోవాలో పావుగంట చెప్పి, పెట్టుకున్నావా లేదా అని మర్నాడు మళ్ళీ ఫోన్ చేశారు. హామిల్టన్ వచ్చాక ఆమెకి జలుబు చేసిందని గమనించిన మనిషి ఆయనొక్కరే.

ఇక్కడొక నిజం చెప్పుకోవాలి. పేర్లు పొట్టి చెయ్యడం, పాతవి టెక్స్ట్ ఫైళ్ళలో దాచడం అంతా స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి రాస్తే ఒక్క పూటలో అయిపోయే పని. ధాత్రికి రాయడం వచ్చు. క్లాసులో అందరికన్నా బాగా వచ్చు. రాయలేదు. వారానికి కొన్నే చేసేది. రేషన్ బియ్యం సర్దుకున్నట్టు ఫోల్డర్లని వారాలకి సర్దుకుంది. పిల్ల చేసింది తప్పే. ఆ కుర్చీల మధ్య నెలల తరబడి కూర్చుని చూడనివాళ్ళు ఆమెని తొందరపడి తిట్టకండి.

అలా సాగదీసినా ఫోల్డర్లు తరిగిపోయాయి. ఒక్కటి మిగిలింది. అన్నిటికన్నా లోతుగా ఉన్నది, అన్నిటికన్నా పొడుగు పేరున్నది. జనార్ధనరావు గారు దాన్ని 'మూల' అనేవారు. ఒకే కొలిమిలో ఒకే మూల. చేతికి కెమెరా ఇచ్చినప్పట్నుంచీ ప్రతి షట్‌డౌన్‌లోనూ అదే చోట నిలబడి, అదే ఎత్తు నుంచి ఆ మూలని ఫొటో తీశారు. ఎవరూ తియ్యమనలేదు. కొత్త ఇటుక ఎలా నల్లబడిందో, ఎక్కడ వెంట్రుకంత చీలిక పుట్టిందో, అది ఏటేటా ఎలా పాకిందో, వరసగా పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ పైమాట. ఆ కొలిమిని ఇప్పుడు పడగొట్టేశారు.

"ఎండాకాలంలో కొత్త ఇన్స్పెక్టర్లకి ట్రైనింగ్ పెడతన్నారు. నన్నొచ్చి మాట్లాడమన్నారు," అని చెప్పారాయన. "నాకు ఉపన్యాసాలు రావమ్మా. ఆ మూల ఒక్కటి గోడ మీద వేసి చూపించి, ఇక మీరే చూసుకోండర్రా అంటాను. నేను ఈ దేశంలో చేసిందేవన్నా ఉంటే అదే. అది జాగ్రత్తగా తీసుకురా."

"తెస్తాను అంకుల్. నాదీ పూచీ," అంది ధాత్రి.

ఆయన దగ్గర వేరే కాపీ లేదు. ఫ్యాక్టరీ లోపలి ఫొటోలు సొంత కంప్యూటర్లలో ఉంచకూడదని ఆఫీసు రూలు. ఆయన రూలంటే రూలే అనుకునే తరం. సర్వర్‌కి బ్యాకప్ ఉంది కదా అని ధాత్రి ఒకసారి తీసి చూసింది. చూసి నోరు తెరిచింది. బ్యాకప్ తీసే ప్రోగ్రాంకీ అదే జబ్బు. పాత్ పొడుగైన ప్రతి ఫైల్నీ ఏళ్ళ తరబడి వదిలేస్తూ వచ్చింది. వదిలేశానని ఎక్కడో లాగ్ అనే చిట్టాలో రాసి చేతులు దులుపుకుంది. ఆ లాగ్ చదివిన పాపాన ఎవరూ పోలేదు. అంటే మూల ఫొటోలు ఈ ప్రపంచంలో ఆ పాత డిస్కుల మీద తప్ప ఇంకెక్కడా లేవు. ధాత్రికి ఇది తెలుసు. తెలిసే ఆపింది. రేపు చేద్దాం, వచ్చే బుధవారం చేద్దాం, దాని కథ ఆయన నోట పూర్తిగా విని చేద్దాం అనుకుంది. అది కూడా అయిపోతే ఏం చెప్పి ఫోన్ చెయ్యాలి?

తారక్ ఒకరోజు అడిగాడు. "ధాత్రీ, ట్రాకింగ్ షీట్‌లో జనార్ధన్ లైను ఒక్కటే రెడ్‌లో ఉందేంటి? ఏవన్నా ఇష్యూనా? కావాలంటే చెప్పు, నేను స్క్రిప్ట్ రాసి తోసేస్తా."

"లేదు తారక్ గారూ, అయిపోవచ్చింది."

ఫోన్ పెట్టేసి, షీట్‌లో ఆ ఎర్ర గడిని పని అయిపోయినట్టు గ్రీన్ చేసింది. తారక్ స్క్రిప్ట్ రాస్తే పావుగంటలో పని అయిపోతుంది, బుధవారాలూ అయిపోతాయి. గడి రంగే కదా, రేపో మాపో చెయ్యబోయేదే కదా అనుకుంది. ఆ వారం కాలేజీలో పరీక్షలున్నాయని రెండు రోజులు సెలవు పెట్టింది.

సోమవారం ఆఫీసు తలుపు తీయగానే ఏదో తేడాగా అనిపించింది. సర్వర్ గదిలోంచి ఎప్పుడూ వినబడే ఫ్యాన్ల హోరు లేదు. పరుగెత్తి చూస్తే ర్యాక్‌లో పాత సర్వర్ ఉన్నచోట వైర్లు వేలాడుతున్నాయి.

తారక్‌కి వీడియో కాల్ చేసింది. "అవును, శుక్రవారం డిస్పోజల్ వాళ్ళొచ్చి తీసుకెళ్ళారు," అన్నాడతను మామూలుగా. "అన్నీ గ్రీనే కదా అని డేట్ ముందుకి జరిపా. డిస్కులు వాళ్ళ ట్రక్‌లోనే ష్రెడ్ చేసి ముక్కలు చేసేస్తారు, సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఏం, ఏవన్నా మిగిలిందా?"

ఏం మిగిలిందో చెప్పింది. గడి తనే గ్రీన్ చేశానని కూడా చెప్పింది. అతను మొదటిసారి కెమెరా పెట్టాడు. అలసిపోయిన మొహం, వెనక గోడ మీద పిల్లల బొమ్మలు.

"చూడు, నువ్వు కొత్త. నీ కో-ఆప్ రిపోర్ట్ నేనే రాయాలి. ఇది అందులో రాయను," అన్నాడు. "అది పడగొట్టేసిన ఫర్నేస్, క్లయింట్ ఎవరూ అడగరు. ఆయనకి మాత్రం పాత్ లిమిట్ వల్ల కాపీ అవలేదని చెప్పు. సిస్టమ్ లిమిటేషన్. అబద్ధం కూడా కాదు కదా."

నిజమే, అబద్ధం కాదు. ఆయన నమ్ముతారు కూడా. పాత్ సంగతి ఆయనకి వివరించి నమ్మించింది తనే. కంప్యూటర్ని నాలుగు తిట్లు తిట్టి, నీ తప్పేముంది తల్లీ అంటారు. బుధవారం మళ్ళీ ఇంకేదో కబురు చెబుతారు. ఉన్న ఒక్క మనిషీ మిగులుతాడు. సోమవారం, మంగళవారం ధాత్రి ఇదే ఆలోచించింది. అన్నం సయించలేదు. రైస్ కుక్కర్ వెచ్చగా ఉందో చల్లగా ఉందో కూడా ముట్టుకుని చూడలేదు. నీ తప్పేముంది తల్లీ అని ఆయన అంటే, ఆ మాట వింటూ తను ఎలా కూర్చుంటుందో ఎంత ఆలోచించినా ఆమెకి తోచలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యలేదు. బస్సెక్కి ఊరివాళ్ళు మౌంటెన్ అనే మిట్ట మీదికి వెళ్ళింది. మిరియాలు కావాలంటే వచ్చి తీసుకెళ్ళమని ఒకసారి ఆయన అడ్రస్ ఇచ్చి ఉన్నారు. అరిగిన మంచు కుప్పల పక్కన చిన్న ఇటుక ఇల్లు. బెల్ కొడితే స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకున్న బక్కపల్చని మనిషి తలుపు తీశారు.

"నేను ధాత్రిని అంకుల్."

ఆయన మొహం విప్పారింది. "గొంతుని బట్టి ఇంకా పొడుగ్గా ఉంటావనుకున్నానే. రా, రా. ఫోన్ మోగలేదేవిటా అని చూస్తన్నా. ఇవాళ మన మూల చేద్దామనుకున్నాం గదా, ఎదురుగానే కూర్చుని చేద్దాం."

డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. పక్కన కళ్ళజోడు, గ్లాసుడు నీళ్ళు. బుధవారం మధ్యాహ్నం కోసం ఆయన సిద్ధమయ్యే తీరు అది. వద్దన్నా వినకుండా వంటింట్లోకి వెళ్ళి ఉప్మా ప్లేటులో పెట్టుకొచ్చారు. మనిషొస్తే పెట్టడానికి నా చేతికి వచ్చింది ఇదొక్కటే అన్నారు. ధాత్రి స్పూన్ ముట్టుకోలేదు.

"తినకముందే చెప్పాలి అంకుల్. మూల లేదు. పోయింది."

"పోవడమేంటి? దారి పొడుగని ఆగిందా?"

ఇక్కడ అవునంటే సరిపోయేది. ఆయనే మాట అందించారు. ధాత్రి తల అడ్డంగా ఊపింది. పాత డిస్కులు ముక్కలైపోయాయని చెప్పింది. బ్యాకప్‌లో లేవని చెప్పింది. చెయ్యకుండానే చేశానని షీట్‌లో పెట్టానని చెప్పింది.

"ఏ రోజైనా చెయ్యగలిగేదాన్ని. పావుగంట పని. కావాలనే ఆపాను."

"ఎందుకూ?"

"అదొక్కటే మిగిలింది. అదీ అయిపోతే మీకు ఫోన్ చెయ్యడానికి పనేం ఉండదని."

ఆయన చెయ్యి లాప్‌టాప్ మీదికి వెళ్ళి, డ్రైవ్ తెరిచి, ఒక్కో ఫోల్డరే దాటుకుంటూ లోపలికి వెళ్ళింది. ఉన్నవన్నీ పొట్టి పేర్లు. బోలు గోడ. కోపిష్టి మేస్త్రి. నమ్మరాని ఇటుక. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ చివరిదాకా వెళ్ళారు. లేదు.

"మోకాళ్ళు పట్టేసినా దూరేవాణ్ణి," అన్నారు మెల్లిగా. "పెళ్ళిరోజున కూడా వెళ్ళాను ఒకసారి. సీత వారం రోజులు మాట్లాడలేదు. ఆ ఒక్క ఫొటో కోసం."

లాప్‌టాప్ మూత దించి ఆమె వైపు తిరిగారు.

"ఫోన్ చెయ్యాలంటే పని ఉండాలా? ఊరికే చేస్తే నేను ఎత్తనా?"

"నాకు తెలీలేదు అంకుల్. ఇక్కడ ఊరికే ఎవరూ ఎవరికీ చెయ్యరు కదా అని..."

ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు మూసుకున్న చప్పుడు. ధాత్రి కాసేపు కూర్చుంది. లోపల్నుంచి అలికిడి లేదు. ఇక ఈ ఇంట్లో తనకి పని లేదని, ఏ ఇంట్లోనూ లేదని అనిపించింది. చప్పుడు కాకుండా గుమ్మం దగ్గరికి వెళ్ళి, కోటు తొడుక్కుని, వంగి బూట్లు వేసుకోసాగింది. కళ్ళలో నీళ్ళు నిండి లేసులు కనపడలేదు.

"ఎక్కడికి?"

వెనక జనార్ధనరావు గారు నిలబడి ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వెళ్తాను అంకుల్. నేనుంటే మీకింకా..."

"నీ మీద నాకు చాలా కోపంగా ఉంది," అన్నారాయన. "ఇంత కోపం ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరి మీదా రాలేదు. నువ్వు తలుపేసుకుని పోతే ఈ కోపం పెట్టుకుని ఈ కొంపలో నేనొక్కణ్ణీ ఏం చేసుకోను? ఎవర్ని తిట్టను? ఆ బూట్లు విప్పి వచ్చి కూర్చో."

ధాత్రి బూట్లు విప్పి వచ్చి కూర్చుంది.

ఆయన ఎదురుగా కూర్చుని మొదలుపెట్టారు. బుద్ధుందా అన్నారు. చదువుకున్నదానివేనా అన్నారు. ఒకరి కష్టం చేతిలో పెడితే ఇలాగేనా చూసుకునేది అన్నారు. వెన్నులో కలుక్కుమంటున్నా ఆ మూల ముందు ఎలా వంగేవారో కుర్చీలోంచి లేచి వంగి చూపించి మరీ తిట్టారు. ధాత్రి ఏడుస్తూ విన్నది. ఈ దేశానికి వచ్చాక ఆమెని పేరు పెట్టి ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు. తప్పు చేస్తే మెయిలు వచ్చేది, ఒప్పు చేస్తే అదీ వచ్చేది కాదు. మధ్యలో ఒకసారి ఆయన ఆగి, చల్లారిపోయిన ఉప్మా తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చి, ప్లేటు ఆమె ముందుకి తోసి, "తింటూ విను" అని మళ్ళీ మొదలుపెట్టారు.